ఏ తూము దగ్గర?

పల్నాటివారికి కాలువ విలువ చెప్పనక్కరలేదు. శ్రీనాథుడు జొన్నకూటిని తిట్టుకున్నాడని చాటువులు చెప్పే సీమ మాది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. మా మేనత్త భర్త ఆ కుడి కాలువ మీదనే, నరసరావుపేట దగ్గరి పల్లెలో, లస్కరుగా పనిచేశాడు. తూములెత్తడం, దించడం, రాత్రిళ్లు గండ్లు కాయడం ఆయన కొలువు.

పేగులకు నెత్తురు పంచే పెద్ద ధమనిని వైద్యులు సుపీరియర్ మెసెంటరిక్ ఆర్టరీ అంటారు. నేనైతే పై పేగుధమని అంటాను. ఇంతకన్న మంచి మాట ఉంటే చదువరులు చెప్పుదురు గాక. అది బృహద్ధమని ముందువైపున, మొదటి నడుము వెన్నుపూస ఎత్తులో, క్లోమగ్రంథి మెడ వెనుక పుడుతుంది. ఆంత్రమూలాన్ని దాటి, పేగులను వీపుకు కట్టి ఉంచే పొరల మడతలోకి దిగుతుంది. కుడివైపు పెద్దపేగుకు కొమ్మలు, ఎడమవైపు చిన్నపేగుకు పది పదిహేను కొమ్మలు. ఈ చిన్న కొమ్మలు తిన్నగా పోవు. ఒకదానితో ఒకటి కలిసి విల్లులు కడతాయి. ఆ విల్లుల నుంచి సన్నని నాళాలు పేగు గోడకు దిగుతాయి. ఎగువ పేగులో విల్లులు తక్కువ, నాళాలు పొడవు. దిగువకు పోయేకొద్దీ విల్లులు వరుస మీద వరుస, నాళాలు పొట్టి. పిల్లకాలువ ఒకటి పూడితే పక్కదాని నీరు చుట్టు తిరిగి వస్తుంది. తల్లికాలువే పూడితే రాదు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. వైద్యవిద్య చివరి ఏడు, కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిననాటికే వచ్చు.

దీపాలు పెట్టే వేళ అత్తయ్య కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. నేను పొట్ట నొక్కి చూశాను. దూదిలా మెత్తగా ఉంది. నాడి పట్టుకుంటే లయ తప్పుతోంది. అది నా వేళ్లకు తెలిసింది గాని బుర్రకు అందలేదు. చిన్నప్పటి కీళ్లజ్వరంతో ఆమె గుండె కవాటం చెడిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన నెత్తురు ఈ ధమనిలోకి కొట్టుకురావచ్చుననీ, నొప్పి కొండంతగా ఉండి పొట్ట మెత్తగా ఉంటే దీన్నే అనుమానించాలనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. "గ్యాసు, అత్తయ్యా" అని మాత్ర ఇచ్చాను.

తెల్లవారుజామున గుంటూరు తీసుకుపోయారు. పొట్ట తెరిస్తే చిన్నపేగు మొదటి మూరెడు మాత్రం ఎర్రగా ఉందట. తక్కినది నలుపు. రెండో రోజు పోయింది.

పదకొండో నాడు మామయ్య అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఏ తూము దగ్గర పూడింది, అల్లుడూ?"

పుల్లతో మట్టిలో గీసి చూపించాను. పెద్దపేగు నడిమి భాగానికి పోయే కొమ్మ విడిపోయిన చోటు దాటగానే.

"అయితే ఎగువ మళ్లు తడిశాయన్నమాట."

"అవును."

"నీళ్లు లేకుండా ఎంతసేపు ఆగుద్ది?"

"ఆరు గంటలు. మహా అయితే ఇంకాస్త."

ఆయన వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళ నుంచి మొదలుపెట్టాడని నాకు అర్థమైంది. లెక్క ముగిశాక ఏమీ అనలేదు. నేను గీసిన కాలువను అరికాలితో చెరిపి, గొడ్లకు కుడితి పెట్టడానికి లేచి వెళ్లాడు.