మందుకు ముందు

గత శ్రావణమున, ఐదవమాసపు గర్భిణియగు మా కోడలికి మూత్రమున మంటయు చలిజ్వరమును కలిగెను. సిగ్గుచే నాలుగుదినములు మాకైనను చెప్పదాయెను. మేమును అవివేకముచే ఎల్లారెడ్డిలో దుకాణమున మాత్రలు కొని మ్రింగించితిమి. జ్వరము తగ్గి, మరల హెచ్చెను. కామారెడ్డికి తోడ్కొనిపోగా, వైద్యురాలు మూత్రమును కల్చరుపరీక్షకు పంపిరి. రెండుదినములు కాచుకొంటిమి, క్రిమి యేదియు మొలవలేదు. లేక కాదు, మా మాత్రలకు అణగియుండెనట! ఏ మందు దానిని చంపునో తెలియు త్రోవను మేమే మూసితిమి. ఊహమీదనే సూదిమందు సాగెను. గర్భము నిలుచునో లేదో యని ఆ రాత్రులు మాకు నిద్రలేదు.

సోదరీమణులారా, మొదటిధార విడిచి నడిమిధారను, పరీక్షశాలవారిచ్చు డబ్బాలోనే పట్టవలెను, ఊరగాయసీసా పనికిరాదు.

పుష్యమున మనుమరాలు క్షేమముగ పుట్టినది. ఈ మాఘమున అత్తగారిని రెండువారములు దగ్గు వేధింపగా, మాత్ర ముట్టకమునుపే కఫమును సర్కారుదవాఖానాకు పంపితిమి. క్షయక్రిమిని కాక్ పండితుడు 1882లోనే వెల్లడించినను, ఆ పేరెత్తిన అత్తగారు నేటికిని కోపింతురు. రేపు ఫలితము వచ్చును.