ఒకటి నొక్కి చెప్పండి, రెండు నొక్కి వినండి

జగ్దల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నపాల్ మీదుగా దక్షిణానికి వచ్చే జాతీయ రహదారి శబరి ఒడ్డున ఉన్న కోంటా వద్ద ఆంధ్రదేశపు సరిహద్దును తాకుతుంది. కోంటాకు కొంచెం ముందు ఇంజరం అనే ఊరు వస్తుంది. అక్కడ రహదారిని విడిచి పడమటి అడవిలోకి తిరిగితే భేజ్జి. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవారు దోర్లా గిరిజనులు. వారి దోర్లీ కోయభాషలో ఒక శాఖ. చెవి ఒగ్గి వింటే తెలుగువాడికి అందులో తెలిసిన మాటలు కొన్నయినా దొరుకుతాయి.

దేశంలో చాలామంది ఈ ఊరి పేరు మొదటిసారిగా విన్నది 2017 మార్చి 11న. రహదారి పనులకు కాపలాగా బయలుదేరిన కేంద్ర రిజర్వు పోలీసు దళం మీద భేజ్జి సమీపంలో మావోయిస్టులు దాడి చేశారు. పన్నెండుమంది జవానులు మరణించారు. ఆ మరునాటి పత్రికలలో భేజ్జి మొదటి పుటకు ఎక్కింది. ఆ ఊళ్లో చేతిపంపు చెడిపోయినా, ఉపాధి పథకం కూలి నెలల తరబడి రాకపోయినా అది ఏ పుటకూ ఎక్కదు. తుపాకి మోగితే తప్ప బస్తరు అడవి మాట బయటికి వినిపించదన్న నింద పాతదే. అందులో అబద్ధం ఎంత ఉన్నదో చెప్పడం కష్టం.

ఆ మాటను బయటికి వినిపించాలని పూనుకున్నవాడు శుభ్రాంశు చౌదరి. ఛత్తీస్‌గఢ్‌లో పెరిగి, బి.బి.సి.లో చాలాకాలం పనిచేసిన పాత్రికేయుడు. 2004లో ఆయన, మరికొందరు కలిసి ‘సీజీనెట్’ పేరుతో ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదికను ఆరంభించారు. ఛత్తీస్‌గఢ్ విషయాలను ఛత్తీస్‌గఢ్ ప్రజలే చర్చించుకోవాలన్నది వారి ఆశయం. చర్చలు బాగానే సాగాయి. కాని ఆ చర్చ చేస్తున్నవారు కంప్యూటరు, ఇంగ్లీషు, తీరిక ఉన్న పట్టణవాసులు. ఎవరి గురించి అంత మాట్లాడుకుంటున్నారో వారు ఆ వేదిక గడప కూడా తొక్కలేదు. చదువు రానివాడికి, వచ్చినా గోండి తప్ప వేరే భాషలో నోరు విప్పలేనివాడికి, ఇంటర్నెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న బిల్ థీస్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఈ దశలో ఆయనకు తోడయ్యాడు. 2010 ఫిబ్రవరిలో ‘సీజీనెట్ స్వర’ మొదలయింది. బెంగళూరు నంబరు ఒకటి. దానికి ఫోన్ చేస్తే ఒక గొంతు పలుకుతుంది: మీ మాట రికార్డు చేయాలంటే ఒకటి నొక్కండి, ఇతరుల మాటలు వినాలంటే రెండు నొక్కండి. అంతే. తెర మీద చదవవలసినది లేదు, వేలితో రాయవలసినది లేదు. వచ్చిన మాటను సంపాదకులు విని, చెప్పినవారితో మాట్లాడి, నిజానిజాలు విచారించి, అప్పుడు అందరికీ వినిపించేవారు.

ఈ సృష్టిలో ఇంజనీరు పాలు ఎంత, పాత్రికేయుని పాలు ఎంత అని తూకం వేయబోతే ఒక చిక్కు వస్తుంది. ఇంజనీరు కంటికి ఇది చాలా చిన్న యంత్రం. ఫోనెత్తే సర్వరు, ధ్వనిని దాచిపెట్టే కొట్టు, రెండు మీటల ఎంపిక. ఇంతకన్న గొప్ప యంత్రాన్ని కట్టగలిగిన చేతులే దానిని కట్టాయి. సామర్థ్యం ఉన్నవాడికి అందులో కొంతనే వాడుమని చెప్పడం ఎంత కష్టమో ఏ వంటమనిషిని అడిగినా చెబుతాడు. ఆ చిన్నతనమే సరైనదని తెలియాలంటే, అడవిలో ఎవరి చేతిలో ఏ ఫోను ఉన్నదో, అందులో ఎన్ని రూపాయలున్నవో, ఆ మనిషి ఏ భాషలో కలలు కంటాడో ఎరిగిన వేరొకరు పక్కన ఉండాలి.

ఆ వేరొకరికి వ్యాపార ప్రపంచం ‘ప్రాడక్ట్ మేనేజర్’ అని పేరు పెట్టింది. ఈ ఉద్యోగానికి మూలపురుషునిగా చెప్పుకొనే నీల్ మెకెల్‌రాయ్ కంప్యూటరు మనిషి కాడు, సబ్బుల మనిషి. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో కామే సబ్బు అమ్మకాలు చూస్తూ 1931లో ఒక లేఖ రాశాడు. ఒక్కొక్క సరుకు మంచిచెడ్డలన్నీ ఒక్కొక్క మనిషి తలకెత్తుకోవాలన్నది దాని సారాంశం. (ఈయనే తర్వాత అమెరికా రక్షణమంత్రి అయ్యాడు. సబ్బు నుంచి క్షిపణుల వరకు సాగిన జీవితం!) కొనేవాడికి ఏమి కావాలో తెలుసుకోవడం, తయారుచేసేవాడికి అది తెలిసేటట్టు చెప్పడం – ఆ లేఖనుంచి నేటి సాఫ్ట్‌వేర్ సంస్థల వరకు ఈ ఉద్యోగపు సారం మారలేదు.

పెద్ద సంస్థలలో ఆరుగురు, ఎనిమిదిమంది ఇంజనీర్లకు ఒక ప్రాడక్ట్ మేనేజరు అనే లెక్క వాడుకలో ఉన్నది. అప్పుడే పుట్టిన ఐదుగురి స్టార్టప్‌కు ఆ లెక్క పనికిరాదు. ఐదుగురిలో ఒకరు ఒక్క వరుస ప్రోగ్రాము కూడా రాయకుండా సలహాలకే జీతం పుచ్చుకుంటే, ఉన్న కొద్ది డబ్బులో ఐదోవంతు మాటలకే పోయినట్లు మిగతా నలుగురికి తోస్తుంది. పోనీ అందరూ ఇంజనీర్లే అయితే? అప్పుడు ఎవరూ అడగని వస్తువు ముచ్చటగా, పొరపాటు లేకుండా, అనుకున్న తేదీకి తయారవుతుంది.

ఈ రెండవ దారిలో బయలుదేరి సకాలంలో తేరుకున్నవారు ముగ్గురు తెలుగు యువకులు. నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి బస్సు టిక్కెట్టు కోసం ట్రావెల్ ఏజెంట్ల దుకాణాలన్నీ తిరిగి, దొరకక ఉండిపోయాడు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నవో ఏజెంటుకే తెలియదు. ఫోన్లమీద ఫోన్లు చేసి కనుక్కోవాలి. బిట్స్ పిలానీలో చదువుకున్న మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి తోడు రాగా, బస్సు యజమానులకు ఏజెంట్లకు నడుమ సీట్ల లెక్క కలిపే సాఫ్ట్‌వేర్ రాయాలనుకున్నాడు. సాఫ్ట్‌వేర్ వారి వృత్తి కాదు. పుస్తకాలు తెచ్చుకొని, ఉద్యోగాలు చేస్తూనే, సెలవు దినాలలో నేర్చుకొని రాశారు. తీరా పట్టుకొని వెళితే యజమానులు ఊరికే ఇచ్చినా వద్దన్నారు.

వద్దన్నవారిది మూర్ఖత్వం కాదు. పెన్ను, కాగితం, ఫోను – వీటితో వారి వ్యాపారం నడుస్తూనే ఉన్నది. టిక్కెట్టు దొరకని బాధ ప్రయాణికునిది గాని యజమానిది కాదు. యజమానికి బాధ ఎక్కడంటే, బస్సు బయలుదేరే వేళకు మిగిలిపోయే ఖాళీ సీటు దగ్గర. బెంగళూరులో ‘టై’ అనే పారిశ్రామికుల సంఘంలోని పెద్దల సలహా కూడా తీసుకొని, ముగ్గురూ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి, 2006లో తామే టిక్కెట్లు అమ్మడానికి కూర్చున్నారు. యజమాని నమ్మి ఇచ్చిన కొద్ది సీట్లను ఇంటర్నెట్ ద్వారా అమ్మి చూపారు. సీట్లు నిండాక నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరాక బస్సు యజమానుల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కూ గిరాకీ వచ్చింది. ఆ సంస్థే రెడ్‌బస్. 2013లో ఐబిబో సంస్థ దానిని కొనుక్కున్నది.

ఆ తొలిరోజుల్లో రెడ్‌బస్‌కు ప్రత్యేకంగా ఒక ప్రాడక్ట్ మేనేజరు అవసరమైనాడా అంటే, పని మాత్రం అవసరమైనది, మనిషి కాదు. రాసిన చేతులే బస్సు ఆఫీసుల మెట్లెక్కాయి. ఐదారుగురున్న బృందానికి ఇంతకన్న చౌకయిన ఏర్పాటు లేదు. కాని అది ఎల్లకాలం సాగేది కూడా కాదు. మెట్లెక్కినవాడు రాత్రికి వచ్చి ప్రోగ్రాము రాయాలి. రాసినవాడు ఉదయమే మెట్లెక్కాలి. ఇంజనీర్ల సంఖ్య పది దాటేసరికి ఆ మనిషికి నిద్ర కరువవుతుంది, మిగతావారికి అతని నోటి మాట కరువవుతుంది. వేరే కుర్చీ వేయవలసిన వేళ అప్పుడు వస్తుంది. కుర్చీ ముందే వేసి దానికి తగిన పని వెతికే సంస్థలను చూస్తే, కొన్న గుర్రం కోసం రథం చేయించినవాడు గుర్తుకు రాక మానడు.

స్వర కథలో మాత్రం ఆ రెండు పనులు ఒక మనిషిలో ఇమిడే అవకాశం మొదటినుంచీ లేదు. బెంగళూరు సర్వరును బాగుచేయగలవాడు గోండి ఎరుగడు. గోండి ఎరిగినవాడు సర్వరును చూసి ఉండడు. నడుమ నిలబడ్డవారు పాత్రికేయులు, సంపాదకులు. మొదట్లో ఫోను ఖర్చు చెప్పుకొనేవాడే భరించవలసి వచ్చేది. కూలి రాలేదని చెప్పడానికి కూలివాడు బెంగళూరుకు ట్రంక్‌కాలు చేయడమన్నమాట. తరువాత ‘మిస్డ్ కాల్’ పద్ధతి వచ్చింది: ఒక్కసారి మోగించి పెట్టేస్తే సర్వరే తిరిగి పిలుస్తుంది. ఇంజనీరుకు ఇది పెద్ద పని కాదు. కాని ఆ మార్పుతో ప్రతి కథనపు ఖర్చు సంస్థ నెత్తిన పడింది. వినియోగం పెరిగినకొద్దీ బిల్లు పెరుగుతుంది. ఇటువంటి నిర్ణయం ఇంజనీరు ఒక్కడే తీసుకోలేడు, జనం మాట తెచ్చినవాడు ఒక్కడే తీసుకోకూడదు. ఇద్దరూ ఒకే బల్లకు కూర్చొని, డబ్బు ఇచ్చేవాడిని కూడా పిలిచి తేల్చుకోవాలి.

ఇంకొక విశేషం. స్వరలో ఫిర్యాదు చెప్పినవారు చివర సంబంధిత అధికారి ఫోన్ నంబరు చదివేవారు. ఎక్కడో ఢిల్లీలోనో, హైదరాబాదులోనో ఆ మాట విన్నవారు నేరుగా ఆ అధికారికి ఫోన్ చేసి, ఫలానా ఊరి పంపు సంగతి ఏమయిందని అడిగేవారు. పంపులు బాగయ్యాయి, కూలి డబ్బులు వచ్చాయి. వచ్చాయని చెప్పడానికి అదే నంబరుకు మళ్లీ ఫోన్ చేసినవారున్నారు. యంత్రంలో దీనికి ప్రత్యేకమైన మీట ఏదీ లేదు. ఒకటి, రెండు అనే ఆ రెండు మీటల మీదనే ఇంత సాగింది.

తరువాతి దశలో పాళ్లు తలక్రిందులయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు సుమారు 30 లక్షలు. తెలంగాణ గోండిలో తెలుగు, మహారాష్ట్ర గోండిలో మరాఠీ, ఛత్తీస్‌గఢ్ గోండిలో హిందీ కలిసిపోయి, ఒకరి మాట మరొకరికి పూర్తిగా అందదు. కంప్యూటరు చేత గోండి చదివించాలన్నా, హిందీనుంచి అనువదింపజేయాలన్నా ముందు మాటలు కావాలి. వాటిని ఏ ఇంజనీరూ పుట్టించలేడు. అనేక రాష్ట్రాల గోండులు కొన్నేళ్లపాటు పదేపదే సమావేశమై, ఏ భావానికి ఎవరి మాట నిలవాలో వాదించుకొని, సుమారు మూడువేల పదాల నిఘంటువు సిద్ధం చేసుకున్నారు. 2018లో అది వెలువడింది.

మరి ఫోను గంటే మోగని ఊళ్ల సంగతి? బస్తరు లోపలి అడవులలో సంకేతం అందని పల్లెలు ఎన్నో. అటువంటివారి కోసం ‘బుల్టూ రేడియో’ వచ్చింది. బ్లూటూత్‌ను అక్కడి జనం పలికే తీరే బుల్టూ. పల్లెలో రికార్డు చేసిన మాటలను, పాటలను ఒకరు ఇంటర్నెట్ ఉన్నచోటికి మోసుకుపోతారు. అక్కడినుంచి తయారై వచ్చిన కార్యక్రమాన్ని తమ ఫోనులోకి ఎక్కించుకొని తిరిగి వస్తారు. వారపు సంతలో ఉప్పు, ఇప్పపూలు చేతులు మారుతుండగా, అది కూడా ఒక ఫోనునుంచి మరొక ఫోనుకు, పైసా ఖర్చు లేకుండా దాటిపోతుంది.