పాటలో వాటా

ఆడికృత్తికకు తిరుత్తణి కొండెక్కే భజన గుంపుల్లో మాదీ ఒకటి. కొండకు అయిదు మైళ్ల దూరంలో మా ఊరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారినా, మా భజన మాత్రం తెలుగులోనే సాగుతోంది.

మా పాటలు ఎలా పుట్టేవో ముందు చెప్పాలి. రాత్రి భోజనాలయ్యాక మా చిన్నాయన నాలుగు చరణాలు రాసి మందిరానికి తెచ్చేవాడు. మేళం వాయించే పెద్దాయన ఒకరుండేవారు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. ఆయన కళ్లు మూసుకుని ఆ చరణాలకు వరుస కట్టేవారు. “తంబీ, ఇక్కడ మాట పొడుగైంది, తాళంలో కూర్చోదు” అంటే చిన్నాయన మాట మార్చేవాడు. ఒక్కోసారి ఆ మాట కూడా ఆయనే అందించేవారు. తెల్లవారేసరికి ఏది ఎవరిదో మాకే తెలిసేది కాదు.

1994లో మద్రాసులోని ఒక క్యాసెట్ల కంపెనీ మా పాటలు ఎనిమిది రికార్డు చేసింది. మొత్తానికి 4,000 రూపాయలు ఇచ్చి, చిన్నాయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది. రైలుకు, భోజనాలకు 600 పోయింది. హార్మోనియం, మృదంగం వాళ్లకు చెరి 400. పెద్దాయన మూడు పాటలకే వాయించారు గనక ఆయనకు 300. మిగిలిన 2,300తో మందిరానికి రేకులు వేయించాం. చిన్నాయన పైసా ముట్టలేదు. ధర్మంగానే పంచామనుకున్నాం. క్యాసెట్ అట్ట మీద రచన అని చిన్నాయన పేరు, గానం అని మా భజన గుంపు పేరు పడ్డాయి. వరుసలు కట్టినవారి పేరు లేదు. మేమూ అడగలేదు.

పోయినేడు ఆ పెద్దాయన మనవడు మా ఇంటికొచ్చాడు. తిరువళ్లూరులో ఉద్యోగం. ఫోనులో ఆ పాట వినిపించి, “మామా, ఇది మా తాత వరుసే కదా? ఆయన పేరు ఎక్కడా లేదేం?” అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది. మరునాడు ఇద్దరం తిరువళ్లూరు కోర్టు దగ్గర ఒక వకీలుగారిని కలిశాం.

ఆయన చెప్పిందాన్ని బట్టి, మనం ఒకటే అనుకునే పాట 1957 కాపీరైటు చట్టం దృష్టిలో మూడు సొత్తులు. మాటలు ఒకటి, వరుస ఒకటి, రికార్డు ఒకటి. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి సినిమాకు పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కు నిర్మాతదేనని తీర్పిచ్చింది. రాసినవారికీ వరుస కట్టినవారికీ ఒకసారి ముట్టిందే మొత్తం. 2012లో చట్టం సవరించారు. హక్కులు అమ్ముకున్నా, రాయల్టీలో కొన్నవారితో సమానంగా వాటా వీరికి నిలుస్తుంది. దాన్ని వారసులకో, రాయల్టీ వసూలు చేసే సంఘానికో తప్ప మరెవరికీ రాసివ్వడం కుదరదు. సినిమాహాలులో సినిమాతో పాటు వినిపించినప్పుడు మాత్రం ఈ వాటా లేదు. మా కాగితం 1994 నాటిది గనక దాని సంగతి అంత తేలిక కాదన్నారు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే: “వరుస ఆయన కట్టారని ఎక్కడైనా రాసుకున్నారా?” రాసుకోలేదు.

అప్పుడు తెలిసింది మా లెక్కలో తప్పు. పెద్దాయనకు మేమిచ్చిన 300 నాదస్వరం ఊదిన కూలి. పాట పుట్టించినందుకు ఏమీ ఇవ్వలేదు. కంపెనీ మాకు చేసిందే మేము ఆయనకు చేశాం.

వాగ్గేయకారులకు ఈ చిక్కు లేదు. ముత్తుస్వామి దీక్షితులు తొలి కీర్తన మా కొండ మీదే పాడారని చెప్పుకుంటారు. మాటా ఆయనదే, వరుసా ఆయనదే. సినిమాలొచ్చాక మాట ఒకరిది, బాణీ మరొకరిదీ అయింది. నలుగురు కలిసి చేసే పని అయినప్పుడు నలుగురి లెక్కా ఉండాలి కదా. బీటిల్స్ బృందంలో లెనన్, మెకార్ట్నీలు, ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ వేయాలని మొదట్లోనే అనుకున్నారట. ఎవరెంత రాశారన్నది కాదు, ముందే అనుకోవడం ముఖ్యం.

ఆ ఎనిమిది పాటల వరుసలూ పెద్దాయనవేనని మందిరం పుస్తకంలో రాసి, బతికున్నవాళ్లమంతా సంతకాలు పెట్టాం. ఒక నకలు మనవడికిచ్చాం. కంపెనీకీ ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు.

ఈ ఆడికృత్తికకు కొత్త పాట ఒకటి కట్టాం. పాట ముగిసిన రాత్రే వాటాల చీటీ రాసుకున్నాం. మాటలకు సగం, వరుసకు సగం. మృదంగం కుర్రాడు, “నడక మార్చింది నేను, నాకేం లేదా?” అని పట్టుబట్టాడు. గంటసేపు వాదించుకుని, ఇరువైపులా కొంత తగ్గించి అతనికీ వాటా వేశాం. ఆ పాటకు పైసా వస్తుందో రాదో. అయినా ఆ గంట వాదన 1994లోనే జరిగి ఉంటే, ఆ పిల్లవాడు నన్ను ఆ ప్రశ్న అడగాల్సి వచ్చేది కాదు.

మీ ఊళ్లోనూ భజనకో నాటకానికో కలిసి పాటలు కట్టేవారుంటే, రికార్డుకు పోకముందే ఒక చీటీ రాసుకోండి. మనవాళ్లే కదా అనుకున్న చోటే మనవాళ్ల పేర్లు పోతాయి.