ద్వంద్వ సమాసము - పెద్దసారు



మొన్న ఆదివారం సాయంత్రం, లక్డారం గుట్ట వైపు క్రషర్ల మోత కొంత సద్దుమణిగిన వేళ, నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పాశమైలారంలో ఒక పెద్ద కర్మాగారంలో షిఫ్టు ఇన్‌ఛార్జి. చాయ్ త్రాగుతూ తన సందేహం వెలిబుచ్చాడు.

"సార్, మా కంపెనీకి ఇకమీదట సి.ఓ.ఓ.లు ఇద్దరట. రాత్రిపూట లైను ఆగితే ఎవరికి ఫోన్ చెయ్యాల్నో ఎవ్వరూ చెప్తలేరు."

చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్ అనగా సంస్థ దైనందిన వ్యవహారాన్ని నడిపే అధికారి, సి.ఇ.ఓ. తరువాతి వాడు. (మన పత్రికలవారు ఈ రెండు పదవులకూ ఇంచుమించు ఒకే తెలుగు మాట వాడి నావంటి వారిని తికమక పెడుతుంటారు.) ఆ ఒక్క పదవిలో ఇద్దరు ఇముడుతారా అన్నది వాడి ప్రశ్న.

పండిత శిక్షణ పొందినవాణ్ణి గనుక నాకు ద్వంద్వ సమాసం తోచింది. ఉభయ పదార్థ ప్రాధాన్యం దాని లక్షణం. తల్లిదండ్రులు, అన్నదమ్ములు. అయితే ఆ ద్వంద్వ శబ్దమే యుద్ధానికీ చెల్లుతుంది! అమెరికాలోని గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 2006లో గ్యారీ కోన్, జాన్ వింకెల్‌రీడ్ అనే ఇద్దరిని ఈ పదవిలో కూర్చోబెట్టింది. 2009లో వింకెల్‌రీడ్ తప్పుకోగా కోన్ ఒక్కరే మిగిలారు. ఆయన వెళ్ళాక డేవిడ్ సాలమన్, హార్వీ స్వార్ట్జ్ అనే మరో జంట వచ్చింది. 2018లో స్వార్ట్జ్ వైదొలగారు, సాలమన్ ఆ ఏడే సి.ఇ.ఓ. అయ్యారు. అక్కడ ఆ జంట పదవి సింహాసనానికి పరీక్ష వంటిదని నాకు అనిపిస్తుంది.

మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ళ చేసింది వేరు. 2016 జులైలో మైక్రోసాఫ్ట్ సి.ఓ.ఓ. కెవిన్ టర్నర్ వెళ్ళిపోతే, ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టక పనిని ఐదుగురికి పంచారు. సంస్థలకు చేసే అమ్మకాలు ఒకరికి, దేశదేశాల అమ్మకాల నిర్వహణ ఒకరికి, మార్కెటింగ్ ఒకరికి, సంస్థ లోపలి కంప్యూటర్ వ్యవస్థలు ఒకరికి, అమ్మకాలకు సంబంధించిన ఆర్థిక లెక్కలు ఎమీ హుడ్‌కు. పదిమందిలో పాము చావదంటారు గాని, ఇక్కడ ఎవరి పాము ఏదో వారికి తెలుసు.

దీన్ని నేను విభక్తి అంటాను. ఎవరు, ఎవరిచేత, ఎవరికొరకు అన్నది ప్రత్యయం చెప్పేస్తుంది. సమాసంలో ఆ ప్రత్యయాలు అణగిపోతాయి, విగ్రహవాక్యం చెబితే గాని అర్థం తేలదు. పదవిని పంచేవారు విగ్రహవాక్యం కూడా వ్రాసి ఇవ్వాలి.

ఈ మాట చెప్పడానికి నాకు అర్హత ఒక తప్పు వలన వచ్చింది. ఉద్యోగపు చివరి రోజులలో మా ప్రధానోపాధ్యాయులు పదవీ విరమణ చేశారు. కొత్తవారు వచ్చేదాకా లెక్కల మాస్టారూ నేనూ కలిసి చూసుకుందామనుకున్నాము. ఇద్దరమూ స్నేహితులమే, పొరపొచ్చాలు లేవు. పదవ తరగతి నామినల్ రోల్స్ ఆయన సరిచూశారని నేను, నేను చూశానని ఆయన. క్రషర్‌లో పనిచేసే ఒక కూలీ కూతురి పేరు అందులో లేదు. గడువు దాటాక గాని తెలియలేదు.

తండ్రి ఒక రోజు కూలి వదులుకొని వచ్చాడు. తల నిండా రాతిదుమ్ము. అరవలేదు, తిట్టలేదు. "మీ ఇద్దర్ల పెద్దసారు ఎవరు సారూ?" అని మాత్రం అడిగాడు. మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

ఆలస్య రుసుము చెరిసగం మేమే కట్టాము. కార్యాలయాల చుట్టూ తిరిగి తిరిగి పేరు ఎక్కించాము. ఆ అమ్మాయి పరీక్ష వ్రాసింది. ఆ రాత్రే లెక్కల మాస్టారు ఒక తెల్లకాగితం మీద నిలువుగీత గీసి, ఏ పని ఎవరిదో వ్రాశారు.

మొన్న నా విద్యార్థికి చూపిద్దామని పాత డైరీలో వెదికితే ఆ కాగితం దొరికింది. నామినల్ రోల్స్ ఎదుట ఉన్నది నా పేరు. వాడు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకొని వెళ్ళాడు.