నీరెరుగని మూషికము

గడచిన మార్గశిరమాసమున జోధపురమునుండి జైసల్మేరునకు పోవుచు, దారిలో నొక పల్లెచెంత బండి నాపితిమి. కన్నానినంత దూరము ఇసుకయే. అందందు జమ్మిచెట్లు, రేగుపొదలు. విజయదశమినాడు మనము పూజించు జమ్మికాయలే యచ్చటి యిల్లాండ్రకు కూర.

పొదల మొదళ్లయందు లెక్కకు మిక్కిలిగ బొరియలు కానవచ్చెను. కొంతసేపు కదలక నిలువగా, ఒక యెలుక వెలికివచ్చి వెనుకకాళ్లపై నిటారుగా నిలిచి మమ్ము చూచెను. ఇసుకవన్నె బొచ్చు, జేనకు తక్కువైన యొడలు, ఇంచుమించు అంతే పొడవుగల తోక, దాని చివర నల్లని కుచ్చు. ఇది మన యింటి యెలుకలవలె రాత్రి సంచరించునది కాదు. పగలే మేతకు వచ్చును. వేసవియందు మాత్రము నడిప్రొద్దున బొరియలో దాగును.

సోదరీమణులారా, దీని గృహనిర్వాహము వినదగినది. గ్రుక్కెడు నీరు త్రాగకయే యిది బ్రదుకగలదు. చలికాలమున గింజలు, తక్కిన కాలములందు ఆకులు, పువ్వులు, దుంపలు, పురుగులు దీని యాహారము. అందలి తేమయు, అది జీర్ణమగునపుడు దేహమున పుట్టు జలమును దీనికి చాలును. మూత్రపిండములు బొట్టునైనను వ్యర్థము కానీయవు. పైన ఇసుక మాడుచున్నను బొరియలో చల్లదనము నిలుచును.

దీనిని 1867లో తన గ్రంథమున వర్ణించి శాస్త్రనామ మొసగిన జెర్డను దొర, అంతకుముందు మన నెల్లూరిలో వైద్యుడుగా నుండినవాడే.

రైతున కిది శత్రువు. విత్తిన సజ్జగింజను త్రవ్వి తినును, మొలకను కొరుకును. ఆ పల్లెలోని యొక యవ్వతో ఈ మాట యనగా ఆమె నవ్వి, "అమ్మా, మా కూతు నిచ్చిన కాలువయూర ఇవి కానరావు. అచ్చటివి వేరు ఎలుకలు" అనెను.

ఆ మాట నిజము. 1958లో త్రవ్వనారంభించిన కాలువ నేడు ఇందిరాగాంధీ పేర జైసల్మేరు సీమవరకు పారుచున్నది. నేల తడిసినచోట ఈ యెలుక తొలగిపోవ, తడినేల కలవాటుపడిన జాతులు చేరుచున్నవి. ఏ నీటికై ఆ యవ్వ బాల్యమున క్రోసులకొలది కుండలు మోసెనో, ఆ నీరే దీని యింటిని హరించుచున్నది. అయినను, ఆమె కూతురు మరల కుండ నెత్తుకొనవలెనని కోరగల వారెవ్వరు?

ఇల్లు చేరిన మరునాడు బిందె తొలిచిన నీటిని పారబోయబోయి, చేయి నిలిపి తులసిమొదట పోసితిని.