చిక్కుడు గుట్టు

ఈ సంగతి ఇన్నాళ్లూ నాకెవరూ ఎందుకు చెప్పలేదండీ! మిద్దెతోటకి కావలసిన అసలు పనిముట్టు గొప్పూ కాదు, కత్తెరా కాదు. రూళ్ల నోటుబుక్కు!

హైదరాబాదులో మా మేడ మీద 20 టబ్బులున్నాయి. ఎందులో ఏం వేశానో వారం తిరక్కుండా మరిచిపోయి, మొలిచిన వంగనారుని కలుపనుకుని పీకేసిన ఘనత నాది. నిరుడు వేసవిలో విసుగెత్తి, పిల్లాడి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలకి పని కల్పించాను. టబ్బుకో నెంబరు, నెంబరుకో పేజీ. విత్తిన తేదీ, మొలిచిన తేదీ, మొదటి పువ్వు, మొదటి కోత. తేదీ పక్కనే కార్తె కూడా. మా తాతకి నోటుబుక్కు లేదు గానీ మృగశిర, ఆరుద్ర అంటూ 27 కార్తెలూ నోటికొచ్చు. ఆయన లెక్క అంతా అందులోనే ఉండేదని ఇప్పుడు తెలిసొచ్చింది.

తోటకూర 26వ రోజుకి పప్పులో పడింది. బెండ 47వ రోజున తొలికాయ ఇచ్చింది. కోసింది తూచడానికి వంటింటి కాటా మేడెక్కింది, మా ఆయన చూపు సంగతి వదిలేయండి.

అసలు సంబరం చిక్కుడు దగ్గర! అంతకుముందు ఏడు పందిరంతా ఆకే, పువ్వు లేదు. విత్తనాల కొట్టతన్ని ఎంత తిట్టుకున్నానో. ఇప్పుడు రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూద్దును కదా, 7వ టబ్బు: విత్తింది ఏప్రిల్ 14. 11వ టబ్బు: అదే పొట్లంలోని గింజలు, విత్తింది జూలై 28. రెండూ పూసింది నవంబరు మొదటి వారంలోనే! మూడున్నర నెలలు ముందు పుట్టిన తీగ, తమ్ముడి కోసం ఆగినట్టు. మన పందిరి చిక్కుడుకి పగళ్లు కురచై రాత్రులు సాగితే గానీ పూత రాదట. పాపం, విత్తనానిది తప్పే లేదు. ఎండాకాలమంతా బిందెలకొద్దీ నీళ్లు మోసి నేను పెంచింది ఉత్త ఆకుల్ని!

14వ టబ్బు పేజీలో మాత్రం ప్రశ్నార్థకమే ఉంది. వంటింటి చెత్త ఎరువులోంచి ఏదో పాదు దానంతటదే లేచింది. ఇవాళ పొద్దున పసుప్పచ్చ పువ్వు విచ్చింది. ‘సొర కాదు’ అని రాసుకున్నాను.