జముకుకి రెండో ఆల్బమ్ ఎప్పుడు?

డెపెష్ మోడ్ అనే ఇంగ్లిష్ బృందం 1982లో తెచ్చిన రెండో ఆల్బమ్ అట్ట మీద పండిన చేను, తలకి గుడ్డ కట్టుకుని కోత కోస్తున్న ఒక ఆడమనిషి, పైన కారుమబ్బు కనిపిస్తాయి. లోపలున్నవేమో సింథసైజర్ల మీద కట్టిన పాటలు. బ్రయన్ గ్రిఫిన్ తీసిన ఆ ఫొటోలో ఆవిడ చేతిలో ఉన్నది పొడుగు పిడి కొడవలి, నిలబడే కోసెయ్యొచ్చు. అదే ఆమదాలవలసలోనో నెల్లిమర్లలోనో అయితే నడుం వంచాల్సిందే.

ఆ ఆల్బమ్ పేరు ‘ఎ బ్రోకెన్ ఫ్రేమ్’. దాని వెనక కథ నాకు పాటల కన్నా ఎక్కువ ఇష్టం. 1981 నాటి మొదటి ఆల్బమ్‌లో దాదాపు అన్ని పాటలూ విన్స్ క్లార్క్ రాశాడు. పేరు రాగానే బృందం వదిలేసి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురిలో మార్టిన్ గోర్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు రెండో ఆల్బమ్ పాటలన్నీ తనే రాశాడు. గొప్ప ఆల్బమా అంటే కాదు. సగం పాటల్లో తడబాటు తెలుస్తూనే ఉంటుంది. కానీ తడబడ్డా సొంత కాళ్ల మీదే నడిచారు.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎలక్ట్రానిక్ సంగీతం వయసు తక్కువేం కాదు. కీబోర్డు ఏ కంపెనీదైనా మాకది క్యాసియోనే. అమ్మవారి పండగకి స్టేజీ కడితే ఒక పక్క క్యాసియో, ఇంకో పక్క రిథమ్ ప్యాడ్ ఉండాల్సిందే. సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం వీధుల్లో నడిస్తే ఒక సందులో తప్పెటగుళ్ల గజ్జెలు, మరో సందులో డీజే బాక్సుల దడ. ఇప్పుడు పల్లెపాటలకి కంప్యూటర్‌లో బీటు కట్టి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. వినసొంపుగానే ఉంటాయి. పది విన్నాక మాత్రం ఏది ఏదో గుర్తుండదు, అన్నిటికీ ఒకే దంపుడు.

ఎందుకిలా అని తెలియాలంటే, జముకు అనే మా వాయిద్యాన్ని చూడాలి. ఇత్తడి గొట్టం, ఒక మూతికి తోలు, తోలు మధ్యలోంచి తీగ, తీగ కొసకి చిన్న పుల్ల. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో పుల్ల పట్టి లాగుతూ రెండో చేత్తో తీగ మీటుతారు. లాగితే నాదం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు తల్లికి కోపం వచ్చిన చోట తీగ బిగుస్తుంది, ఏడుపు చోట వదులవుతుంది. ఒక పండగలో జముకు వాయించే పెద్దాయన పక్కనే క్యాసియో కుర్రాడు కూర్చుని అదే వరస పట్టబోయాడు. ఆయన కాసేపు విని, “ఒరే గుంటడా, నీ పెట్టె మెట్లెక్కుతాది గానీ జారదేటిరా?” అన్నాడు. కుర్రాడు నవ్వి, “దీన్లో అంతే తాతా” అన్నాడు.

తాత అడిగింది పెద్ద ప్రశ్నే. మెట్ల మధ్య జారుడు లేదన్న కారణం కూడా చెప్పి ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని గెంటేసి, 1971 దాకా తలుపు తియ్యలేదు. మన పద్యనాటకాల వాళ్లు ఆ నిషేధాన్ని లెక్క చెయ్యలేదనుకోండి. వయొలిన్ కూడా పరాయి దేశంనుంచి వచ్చిందే. మెట్లు లేవు గనుక గమకం పలికింది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పింది ఆ వాయిద్యమే.

అలాగని కరెంటు వాయిద్యాలన్నీ జారలేవనుకోవద్దు. డెపెష్ మోడ్ ఆ రెండో ఆల్బమ్ తెచ్చిన 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు రోలాండ్ కంపెనీ మిషన్లు టీబీ-303, టీఆర్-808 ముందేసుకుని పది రాగాలు డిస్కో బీటు మీద వాయించాడు. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది, రాగం అక్కడ బతికింది. రికార్డు అమ్ముడుపోలేదు, 2010లో మళ్లీ అచ్చయ్యాక గానీ లోకానికి పట్టలేదు. ఇక 808 బేస్ దెబ్బ సాగదీసి జారిస్తే నా చెవికి అచ్చం జముకే. ఆ శబ్దం ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా దొరుకుతుంది. అంటే లోటు మిషన్‌లో లేదు. దాన్ని నడిపే కుర్రాడు ఒక రాత్రి జముకు పక్కన కూర్చోకపోవడంలో ఉంది.

మనం ఇంకా మొదటి ఆల్బమ్ దగ్గరే ఉన్నాం. ఉన్న పాటకి బీటు కట్టడం మొదటి ఆల్బమ్. ‘పలాస 1978’ సినిమాలో రఘు కుంచె అలా కట్టిన నక్కిలీసు గొలుసు పాట 2020 నుంచి పెళ్లి ఊరేగింపులన్నిటా మోగింది, సంతోషమే. ఈ నేల కూలీల కష్టం మీదా, పొట్టకూటి కోసం పోయే వలసల మీదా జముకు తెలిసిన కుర్రాడు సొంతంగా కట్టే పాట రెండో ఆల్బమ్. అది రావాలి.

ఈలోగా మొదటి ఆల్బమ్ బాకీ ఒకటి తీర్చాలి. విన్స్ క్లార్క్ వెళ్లిపోయినా అతను రాసిన పాటల కింద అతని పేరే ఉంది. మన దగ్గర పాట కింద ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని పడేసి చేతులు దులుపుకుంటారు. పార్వతీపురం పక్క పెదబొండపల్లిలో పుట్టి, 2020 ఆగస్టులో పోయిన వంగపండు ప్రసాదరావు గారు రాసిన పాటలనే జానపదాలనుకునేవాళ్లు ఎందరో. ఆయనకే అలాగైతే, జముకు తాతల సంగతి చెప్పేదేముంది? బీటు కట్టే తమ్ముళ్లారా, పాట ఎవరి దగ్గర నేర్చారో అడిగి, వాళ్లు సరేనంటే ఆ మనిషి పేరూ ఊరి పేరూ వీడియో కింద రాయండి. డబ్బులొస్తే అందులో వాళ్ల వాటా వాళ్లకివ్వండి.